పోయేటప్పుడు చేతిలో పెట్టే చాక్లెట్

నేను రిటైరయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు. ముప్పై ఏళ్ళు కూడా నిండకుండా రిటైరేమిటని. కానీ మిల్లు పిల్లల గదిలో టీచరుగా చేసిన పని ఇక చేయబోను కాబట్టి, ఆ పనికి సంబంధించినంత వరకు నేను రిటైరయినట్టే. డిగ్రీ పరీక్షలు రాసిన ఎండాకాలం తర్వాత చేరాను. మా పాప కడుపులో ఉండగా ఏడో నెలలో మానేశాను. ఆ మధ్యలో గడిచిన పత్తి సీజన్లన్నీ ఇప్పుడు తలుచుకుంటే ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తాయి.

నా స్థానంలో చేరిన అమ్మాయి పేరు సునీత. మొన్న ఆదివారం హన్మకొండలో మా ఇంటికి వచ్చింది. టీ కప్పు చేతిలో పట్టుకునే అడిగింది.

"అక్కా, చంటిపిల్లలకు చాక్లెట్లు ఇయ్యొచ్చా, ఇయ్యొద్దా? మేడమేమో అసలే వద్దంటాంది. ఆయమ్మేమో జర నోట్లె ఏస్తే ఏమైతది అంటాంది. నేనెవ్వరి మాట వినాలె?"

నేను నోరు తెరిచేలోపు మా అత్తమ్మ వంటింట్లోంచి పాపను ఎత్తుకుని వచ్చింది. పాప పెదవుల చుట్టూ చక్కెర మెరుస్తోంది. సునీత నన్ను చూసింది. నేను అత్తమ్మను చూశాను. అత్తమ్మ గోడ మీద క్యాలెండర్ చూసింది.

"రాసిస్తాను," అన్నాను సునీతతో. "నోటితో చెప్పాలంటే ఈ ఇంట్లో కుదరదు."

అందుకే పాప నిద్రపోయాక ఇలా కూర్చున్నాను. నేను ధైర్యస్థురాలిని కాదు. రెండు వాక్యాలు రాసి ఒకసారి లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుని వస్తున్నాను. పదిమంది పిల్లల్ని సాకినదాన్ని ఒక్క పిల్లకు ఇంత భయపడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఆ పనిలో చేరే వాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది: అక్కడ నేర్చుకున్నది ఇంట్లో సగమే పనికొస్తుంది.

దూది పడే గది

స్టేషన్‌కు అవతలి వైపు, పత్తి బండ్లు వరసగా నిలబడే చోట మా జిన్నింగ్ మిల్లు. గింజ నుంచి దూదిని వేరుచేసే మిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ పసిపిల్లల కోసం గోడవతల ఒక పొడుగాటి గది ఉండేది. కాగితాల మీద దానికి ఇంకేదో పేరు. తల్లులు మాత్రం పిల్లల అర్ర అనేవాళ్ళు. నాకూ ఆ పేరే అలవాటయింది.

ఆ గదిలో మధ్యాహ్నాలు ఎలా ఉండేవో చెప్పాలని ఉంది. అన్నాలు తిన్నాక పిల్లలు చాపల మీద అడ్డంగా, నిలువుగా, ఒకరి కాలు మీద ఇంకొకరి చెయ్యి వేసుకుని పడుకునేవాళ్ళు. మరీ పసివాళ్ళకు చీరలతో కట్టిన ఉయ్యాలలు. పై కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా దిగేది. ఆ ఎండలో దూది పోగులు తేలుతూ, తేలుతూ, ఎక్కడ వాలాలో తోచనట్టు తిరిగి తిరిగి, చివరికి ఎవరి కనురెప్పల మీదో వాలేవి. గోడవతల మిషన్ల హోరు నేల గుండా వచ్చి చాపలకు తాకేది. ఆ హోరే పిల్లలకు జోలపాట. కరెంటు పోయి మిషన్లు ఆగితే, ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి పిల్లలంతా ఒక్కసారి లేచి కూర్చునేవాళ్ళు. కరెంటు వచ్చి మళ్ళీ హోరు మొదలైతే కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయేవాళ్ళు.

చాలాసార్లు నేనూ గోడకు ఆనుకుని సగం నిద్రలోకి జారుకునేదాన్ని. చీర ఉయ్యాలలు ఊగుతూ ఉంటే, గది మొత్తం ఎక్కడికో నెమ్మదిగా కదులుతున్నట్టు ఉండేది.

గేటు దగ్గర

పొద్దున పూట మాత్రం వేరు.

మిల్లు గేటు పక్కన ఖాసిం భాయ్ డబ్బా కొట్టు ఉండేది. గాజు సీసాల్లో నిమ్మతొనలు, పిప్పర్మెంట్లు, రెండు చివరలా మెలిపెట్టిన రంగు కాగితాల బిళ్ళలు. మా ఊళ్ళో రంగు కాగితం చుట్టిన తీపి ఏదైనా చాక్లెట్టే. తల్లి చంకలో పిల్లతో అక్కడ ఆగి ఒక చాక్లెట్ కొంటుంది. అర్ర గడప దగ్గర పిల్లను దించి చేతిలో పెడుతుంది. పిల్ల తల వంచి కాగితం విప్పడంలో పడుతుంది. చిన్న వేళ్ళు, గట్టి మెలిక. ఆ మెలిక విప్పి, బిళ్ళ నోట్లో వేసుకుని తలెత్తేసరికి తల్లి ఉండదు.

ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కొత్తగా వచ్చిన తల్లికి పాత తల్లులు మొదటిరోజే నేర్పేవాళ్ళు. "గా కాగితం విప్పేటంత సేపట్ల ఉరుకు" అని. అందరికీ బాగానే ఉండేది. గేటు దగ్గర ఏడుపు లేదు, తల్లికి ఆలస్యం లేదు, మేనేజరుకు విసుగు లేదు.

ఆ ఏడు మిల్లులో కొత్తగా చేరిన కొంరమ్మ నేర్చుకున్నదీ అలాగే. ఆమె భర్త హమాలీ. స్టేషన్ దగ్గర ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. కూతురు రజితకు రెండేళ్ళు ఇంకా నిండలేదు. గుండ్రటి కళ్ళు, ఎప్పుడూ ఏదో అడగబోయి ఆగినట్టుండే మొహం. ఆ పిల్ల పొద్దున్నే ఒకటి, పాలివ్వడానికి తల్లి వచ్చి తిరిగి పోయేటప్పుడు ఒకటి, అన్నాల తర్వాత తల్లి మళ్ళీ పోయేటప్పుడు ఒకటి చాక్లెట్ చప్పరించేది. ఇక అన్నం ఎక్కడ తింటుంది? ముద్ద నోట్లో పెడితే బుగ్గన దాచి, కాసేపటికి చాప మీద ఉమ్మేసేది. సీజను సగమయ్యేసరికి చేతులు పుల్లల్లా అయ్యాయి.

కొంరమ్మ అత్త లచ్చమ్మ నెక్కొండలో ఉండేది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "దూది మింగుకుంట, బిళ్ళలు చప్పరించుకుంట పెరుగుతాంది పోరి. నాకియ్యి, నేను సాదుత." కొంరమ్మ భర్త కూడా మెల్లగా తల్లి మాటకే వస్తున్నాడు. హోలీకి వచ్చే కాముని పున్నమి వరకు చూద్దాం, అప్పటికీ పిల్ల తేరుకోకపోతే నెక్కొండ పంపుదాం అన్నాడట.

ఆ సంగతి చెప్పిన రోజు కొంరమ్మ గడప మీద కూర్చుని చీరకంటిన దూది ఏరుకుంటూ అంది.

"టీచరమ్మా, నేను కన్నది పండుగపండుగకు పోయి చూసొచ్చేటందుకా?"

నేనూ పక్కన కూర్చుని ఆమె భుజం మీది దూది ఏరాను. అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు.

మేడమూ, ఆయమ్మా

మా ఇన్‌ఛార్జి సుగుణ మేడం. అంతకుముందు ఒక దవాఖానలో నర్సుగా చాలా ఏళ్ళు చేసిన మనిషి. తెల్ల చీర, నల్ల బెల్టు గడియారం. ఆమె నవ్వడం నేను చూసింది తక్కువ. కానీ జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద ఆమె చెయ్యి పెడితే ఆ పిల్ల కళ్ళు వాటంతటవే మూతపడేవి.

ఒక మధ్యాహ్నం నిద్రపోతున్న పిల్లవాడి పెదవి మీద చీమలు పట్టాయి. నోట్లో చాక్లెట్ పెట్టుకునే నిద్రపోయాడు. చీమల బారు గోడ నుంచి చాప మీదుగా వాడి నోటి వరకు సన్నటి దారంలా సాగింది. వాడు నిద్రలోనే పెదవి విదిలిస్తున్నాడు. మేడం వాడిని ఎత్తుకుని మూతి కడిగి, ఆ సాయంత్రమే రూలు పెట్టింది. మర్నాటి నుంచి గడప దాటి తీపి రాకూడదు.

పిల్లలను కనిపెట్టుకునే ఆయా, మేమంతా ఆయమ్మ అని పిలిచే బుచ్చమ్మకు ఇది నచ్చలేదు. పిల్లలంటే ఆమెకు ప్రాణం, చక్కెరంటే అంతకంటే ప్రాణం.

"పుప్పిపళ్ళు వస్తయి బుచ్చమ్మా, కనిపిస్తలేదా నీకు?" అంది మేడం.

"పాలపండ్లే గదమ్మా. ఎట్లయినా ఊడేటియే. ఊడిపోయేటిదానికి గింత కొట్లాటేంది?"

"నీ పళ్ళు చూసుకో ముందు."

"నాయి గూడ ఊడేటియే," అంది బుచ్చమ్మ, ఉన్న నాలుగూ చూపించి.

రూలు వారం రోజులు కూడా నిలవలేదు. తల్లులు చాక్లెట్లు నడుము దగ్గర, రొండిన దోపుకుని వచ్చేవాళ్ళు. దోపుకోని వాళ్ళు బుచ్చమ్మకు కనుసైగ చేసేవాళ్ళు. ఆమె కిటికీ దగ్గర "అగో కాకి, అగో కాకి" అని పిల్ల మొహం అటు తిప్పేది. లేని కాకిని పిల్ల వెతికేలోపు తల్లి మాయం. తీపి లేని చోట కూడా పారిపోవడం పోలేదు.

ఇన్నేళ్ళ తర్వాత నా అభిప్రాయం చెప్పమంటే, పళ్ళ సంగతి మేడం చెప్పిందే నిజం. అన్నం ముందు తీపి పెడితే ఆకలి చస్తుంది, అదీ నిజమే. బుచ్చమ్మ చక్కెర ప్రేమతో పెట్టిందనడంలోనూ అబద్ధం లేదు. ఇద్దరూ పిల్లల నోళ్ళ గురించే కొట్లాడుకున్నారు. చాక్లెట్ చేతిలో పడ్డప్పుడు ఆ మొహాలు ఎలా ఉంటున్నాయో మాలో ఎవ్వరమూ కుదురుగా కూర్చుని చూడలేదు.

చక్కెర పేర్లు

కాముని పున్నమికి మనవైపు పసిపిల్లల మెడలో చక్కెర పేర్లు, పాకం పోసి చేసిన బిళ్ళల దండ, వేస్తారు కదా. ఆ ఏడు లచ్చమ్మ నెక్కొండ నుంచి పొద్దుటి బండికి దిగి, ఇంటికి పోకుండా నేరుగా పిల్లల అర్రకే వచ్చింది. సంచిలో కొత్త గౌను, తెల్లవీ గులాబీ రంగువీ కలిపి గుచ్చిన పెద్ద దండ. కొంరమ్మ కాసేపు పర్మిషన్ అడుక్కుని వచ్చి అత్త పక్కన కూర్చుంది. రజిత, తల్లి ముందు చాప మీద ఆడుకుంటోంది.

లచ్చమ్మ దండ తీసి మనుమరాలి మెడలో వేసింది. చుట్టూ ఉన్న పిల్లలంతా నోళ్ళు తెరిచి చూస్తున్నారు. కిటికీ ఎండ పడి ఆ చక్కెర బిళ్ళలు అద్దాల్లా ఉన్నాయి.

రజిత తల వంచి దండను చూసుకుంది. మొహం మారిపోయింది. ఒక్క బిళ్ళ కూడా నాకలేదు. గిర్రున తిరిగి తల్లి మోకాలిని రెండు చేతులతో చుట్టుకుని ఏడుపు అందుకుంది. కొంరమ్మ లేవలేదు, కదలలేదు. అక్కడే ఉంది. అయినా పిల్ల ఆమెను పట్టుకుని, ఎవరో లాక్కుపోతున్నట్టు ఏడుస్తోంది.

"నేనేమన్న దయ్యాన్నా?" అంది లచ్చమ్మ. ఒక బిళ్ళ విరిచి పిల్ల నోటికి అందించింది. రజిత తల అటు తిప్పుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

అప్పుడు అర్థమైంది నాకు. "కొంరమ్మా, నువ్వు పోతున్నవనుకుంటాంది," అన్నాను.

బుచ్చమ్మ పకపకా నవ్వింది. "కూసున్న మనిషి యాడికి పోతది టీచరమ్మా?"

కొంరమ్మ నవ్వలేదు. నా మొహం చూసింది. రొండిన దోపిన చాక్లెట్ తీసి పిల్ల ముందు పట్టింది. రజిత ఆ రంగు కాగితాన్ని చూడను కూడా చూడలేదు. తల్లి కాళ్ళ వైపు చూసింది, లేస్తున్నాయేమోనని.

ఆ చూపు నేను ఇప్పటికీ మరవలేదు. ఆ పిల్లకు ఆ కాగితం రెపరెప వినపడితే అమ్మ పోతుందని అర్థం. నోరంతా తియ్యగా ఉన్నప్పుడే అమ్మ కనబడదు. ఇక అన్నం ముద్ద నోట్లో పెట్టినా, అది మింగాక ఇంకెవరు మాయమవుతారో అన్న అనుమానం. రజిత బుగ్గన అన్నం దాచుకుని కూర్చునేది అందుకేనేమో. అలా అని రుజువు చేయలేను. అది నా నమ్మకం.

కొంరమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లచ్చమ్మకు ఇవేవీ పట్టలేదు, కోపం వచ్చింది. "నన్ను చూస్తెనే ఏడ్సేటట్టు చేసిండ్రు పిల్లను. పండుగ కానియ్యి, ఎల్లుండి మాపటి పాసింజరుకు తీస్కపోత. మీ ఆయన గూడ ఒప్పుకున్నడు," అని లేచి వెళ్ళిపోయింది.

సునీతకు నా జవాబు

చంటిపిల్లలకు తీపి ఇవ్వొచ్చు. కొంచెం. అన్నం తిన్నాక, నువ్వు పక్కన కూర్చుని, ఆ తర్వాత నీళ్ళు తాగించి. రంగు బిళ్ళల కంటే బెల్లం ముక్క, పల్లిపట్టి పొడి మేలు. గుండ్రటి గట్టి బిళ్ళ గొంతులో ఇరుక్కుంటుంది, అది మాత్రం వద్దే వద్దు. ఏడుపు ఆపడానికి ఇవ్వకు. అన్నం తింటే ఇస్తానని బేరం పెట్టకు. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు పోవడానికి ఇవ్వకు.

ఇదంతా తెలిసిన నేను మా ఇంట్లో ఏం చేస్తున్నానంటే, అత్తమ్మ చక్కెర డబ్బాను రోజూ ఒక అర పైకి జరుపుతున్నాను. ఆమె రోజూ ఒక అర కిందికి జరుపుతోంది. ఇద్దరమూ మాట్లాడుకోము. అయితే ఆమె పాపకు చక్కెర పెట్టినప్పుడు ఎక్కడికీ పోదు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూతి తుడుస్తుంది. అందుకే గొడవ పెట్టుకోవడానికి నాకు నోరు రాదు. పళ్ళు తోమడం మాత్రం నేను వదలను. దిగులు ఉంది. ఉండనీ.

పాసింజరు బండి రోజు

పండుగ మర్నాడు కొంరమ్మతో నేను చెప్పింది ఒక్క మాటే. "రేపు చెప్పి పో."

"చెప్తే పోనిస్తదా టీచరమ్మా?"

"పోనియ్యదు. ఏడుస్తది. అయినా చెప్పే పో."

మేడంతో కూడా చెప్పాను. ఏడుపు ఆఫీసుకు వినిపిస్తే మేనేజరు ఊరుకోడని నాకు భయం. ఆమె గడియారం బెల్టు సర్దుకుంది. లేచి వెళ్ళి ఆఫీసు వైపు కిటికీ మూసి గడియ పెట్టింది. "ఏడవనీ," అంది. ఆమె మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ గడియ చప్పుడుకు అన్నీ మరిచిపోతాను.

ఆ పొద్దున లచ్చమ్మ కూడా వచ్చింది. రజిత గౌన్లన్నీ సంచిలో సర్దుకుని, మాపటి బండి దాకా ఇక్కడే ఉంటానని వరండాలో కూర్చుంది.

కొంరమ్మ పిల్లను గడప దగ్గర దించి ఎదురుగా గొంతుక్కూర్చుంది. రెండు ఖాళీ చేతులు చూపించింది. పండుగ నాటి పర్మిషన్‌కు బదులుగా ఆ రోజు సాయంత్రం సైరన్ దాకా ఆమెను మధ్యలో వదలమన్నారు.

"బిడ్డా, అమ్మ పనికి పోతాంది. చాక్లెట్ లేదు. పోతాన్న. సైరన్ కూసినంక వస్త."

రజితకు సగం అర్థమైందో లేదో. తల్లి లేచి నిలబడడం మాత్రం చూసింది. నడవడం చూసింది. గేటు లోపలికి పోయేదాకా కళ్ళారా చూసింది. ఏడ్చింది. ఆ గదిలో అంత ఏడుపు నేను విని ఎరగను. లచ్చమ్మ వరండాలోంచే నన్ను తిట్టింది. "సదువుకున్నోళ్ళు పిల్లలను గిట్ల ఏడ్పిస్తరా?" బుచ్చమ్మ కాకిని చూపించబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఏడ్చి ఏడ్చి పిల్ల గడప మీదే నిద్రపోయింది. జుట్టు మీద దూది పోగులు వాలుతున్నాయి. లచ్చమ్మ వచ్చి పక్కన కూర్చుని ఒక్కొక్కటే తీస్తూ ఉంది. తీసిన చోట మళ్ళీ వాలుతున్నాయి. ఆమె మళ్ళీ తీస్తోంది. కిటికీ ఎండ మెల్లగా జరుగుతోంది. వాళ్ళిద్దరూ అలా ఎంతసేపున్నారో తెలియదు. నేను ఉయ్యాలలు ఊపుతూ చూస్తూ ఉండిపోయాను.

లేచాక రజిత నాయనమ్మ మొహంలోకి చూసి అడిగింది. "అమ్మ?"

"సైరన్ కూసినంక వస్తదటనే," అంది లచ్చమ్మ, విసుగ్గా.

కాసేపటికి మళ్ళీ. "అమ్మ?"

"సైరన్ కూసినంక."

పిల్ల వేలు ఎత్తి మిల్లు వైపు చూపించింది. "కూ?"

"ఆఁ. కూ అన్నంక." ఈసారి ఆమె గొంతులో విసుగు లేదు.

మధ్యాహ్నం ఆమె చేత్తోనే పప్పన్నం తిన్నది రజిత. ఎక్కువేం కాదు. కానీ బుగ్గన దాచుకోలేదు. మింగింది.

సైరన్ కూసింది. చాప మీద ఆడుకుంటున్న పిల్ల ఒక్కసారి ఆగిపోయింది. లేచింది. గడప దగ్గరికి నడిచి తలుపు పట్టుకుని నిలబడింది. తలంతా, భుజాలంతా దూదితో తెల్లబడిపోయిన కొంరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ముందు పిల్లను ఎత్తుకుంది. ఆ తర్వాతే అత్త ఒళ్ళోని సంచిని చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది. రజితను రొమ్ముకు ఇంకా దగ్గరగా అదుముకుంది.

లచ్చమ్మ సంచి విప్పింది. గౌన్లు ఒక్కొక్కటే తీసి మడతలు సరిచేసి చాప మీద పెట్టింది.

"అత్తా?" అంది కొంరమ్మ.

"నెక్కొండల సైరన్ లేదు," అంది లచ్చమ్మ. "అమ్మెప్పుడొస్తదని అడిగితే నేనేం జెప్పాలె?"

ఖాళీ సంచి చంకన పెట్టుకుని గేటు దాకా వచ్చింది. మేమందరమూ వెనకాల నడిచాము. ఖాసిం భాయ్ డబ్బా దగ్గర అలవాటుగా ఆగి, సీసాల వైపు చెయ్యి చాచబోయి, ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. కోడలి చంకలో ఉన్న పిల్ల గడ్డం పట్టుకుంది.

"పోతాన్న బిడ్డా. మీ నాయనమ్మ పోతాంది. ఉగాదికి వస్త."

రజిత ఏడ్చింది. లచ్చమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ, పిల్లకు కనబడేటట్టే స్టేషన్ వైపు నడిచింది.